కాగితం చాటున అడిగిన మాటలు

మొన్న శ్రీకాకుళంలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్‌కి ఒక ఆహ్వానం వచ్చింది. మధ్య చెవి పనితీరు, వినికిడి పరిశోధనల మీద విశాఖలో మళ్ళీ సదస్సట, ప్రధాన వక్త మా పాత డాక్టరుగారేనట. ఆ పేరు చూస్తూ ఉండిపోయాను, నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

చదువు ముగించి ఆయన దగ్గర వినికిడి పరీక్షల టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో, మనలో చాలామందిలాగే నేనూ మొదటి పైఅధికారిని దేవుడనుకున్నాను. విజయనగరం దాటాక ఒక జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాళ్ళ చెవులు పరీక్షిద్దామని ఆయన అన్నప్పుడు, అక్కడే నేతపని చేసే మా మావ ఇల్లిల్లూ తిరిగి, సెలవురోజు పోతుందని గొణిగేవాళ్ళని కూడా బతిమాలి తీసుకొచ్చాడు. వినికిడి తగ్గిందని తేలినవాళ్ళని గోడౌన్ పనికి మారుస్తామని మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు. మావకి కావలసింది అదే. పక్కగదిలోంచి అత్త పిలిస్తే ఆయన అప్పటికే పలకడం లేదు. డాక్టరుగారు వాళ్ళింట్లో చేపల పులుసు తిని, తనూ ఆయన్ని మావా అనే పిలిచారు.

మా పని మూడు భాగాలు: చెవి లోపల చూడడం, కర్ణభేరి కదలిక కొలవడం, ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో మాటలు చెప్పి తిరిగి చెప్పించడం. మొదటి రెండూ బాగున్నాయి, మూడోది నాకు అనుమానం వచ్చేంత బాగుంది. తర్వాత తట్టింది. మగ్గాల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనక, టీకి పిలవడం దగ్గర్నుంచి మేస్త్రీని తిట్టుకోవడం దాకా వాళ్ళు ఏళ్ళ తరబడి పెదాలు చూసే మాట్లాడుకుంటున్నారు. నా పెదాలూ అలాగే చదివేశారు. నోటికి కాగితం అడ్డుపెట్టుకుని మళ్ళీ అడిగితే మావ సగం మాటలు చెప్పలేక, దొంగ పరీచ్చ ఎట్టినావురా అని నవ్వేశాడు. హోరు దెబ్బతీసేది మధ్య చెవిని కాదు, దానికన్నా లోపలి చెవిని. డాక్టరుగారు అంతా చూసి నా భుజం తట్టి, విశాఖలో జరగబోయే సదస్సులో కాగితం లేనప్పటిదీ ఉన్నప్పటిదీ రెండు ఫలితాలూ చెబుతానన్నారు.

సదస్సుకి మావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. డాక్టరుగారు ఇంగ్లీషులో మొదటి ఫలితమే చెప్పారు: మగ్గాలవాళ్ళ మధ్య చెవులు భేషుగ్గా ఉన్నాయి, మాటలూ బాగా వినపడుతున్నాయి. ముందువరసలో మిల్లు మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"ఏటన్నాడ్రా?" అన్నాడు మావ.

నలుగురిలో గట్టిగా చెప్పలేక పెదాలు మాత్రం కదిపాను. ఆయనకి అర్థమైపోయింది.

"మరి కాయితం అడ్డెట్టి అడిగినాది?"

బయట టీల దగ్గర నేనూ అదే అడిగాను. "ఈ సదస్సు మధ్య చెవి గురించి తమ్ముడూ, లోపలి చెవి సంగతి ఇంకోసారి చూద్దాం" అని, డాక్టరుగారు మేనేజరుతో భోజనానికి వెళ్ళిపోయారు. అక్కడే నిలబడి ఉన్న మావవైపు ఆయన చూడనేలేదు. ఆ నెలలోనే నేను ఉద్యోగం మానేశాను. మిల్లులో ఎవర్నీ మార్చలేదు. రిటైరయ్యేదాకా మావ మగ్గం దగ్గరే ఉన్నాడు.

ఇప్పుడు చెవిలో ఇమిడిపోయే పరికరాలు వచ్చాయి, చేతి సంచిలో పట్టే యంత్రాలు వచ్చాయి. నేనిప్పుడు పనిచేసే ఆస్పత్రి బండి వినికిడి పరీక్షలకి నెలనెలా మిల్లువాళ్ళుండే ఆ వీధికి వెళుతుంది. బతిమాలి తీసుకొచ్చే మావ లాంటివాళ్ళు లేక నేనే గుమ్మం గుమ్మం ఎక్కి దిగుతాను. ఒకప్పుడు నన్ను ఒరే అని పిలిచినవాళ్ళే మర్యాదగా కుర్చీ వేసి, టీ ఇచ్చి, మా సెవులు బాగున్నాయని అప్పుడే సెప్పీసినారు కద బాబూ, అంటారు.