ఎదిగే పిల్లాడి జెర్సీ

ఆ కరోనా రోజుల్లో అందరం ముఖాలకు గుడ్డ కట్టుకుని తిరిగేవాళ్ళం కాబట్టి, ఎవరికి ఎంత భయంగా ఉందో ఎదుటివాళ్ళకు తెలిసేది కాదు. నాకది బాగా కలిసొచ్చింది. నేను మామూలు రోజుల్లోనే భయపడే మనిషిని. గ్యాస్ కట్టేశానా అని మెట్లు దిగాక మళ్ళీ ఎక్కుతాను (ఈ ఇంట్లో ఉన్నది కరెంటు పొయ్యి, అయినా ఎక్కుతాను). మొన్న మా అమ్మాయికి మొదటి స్కూలు యూనిఫాం కొందామని డబ్లిన్ పక్కనున్న బ్లాంచర్డ్స్‌టౌన్ వెళ్ళాం. నాలుగేళ్ళ పిల్లకు నేను ఏడేళ్ళ పిల్లల స్వెట్టర్ తీసి చంకలో పెట్టుకున్నాను. మా ఆయన వద్దనలేదు, వివరం అడగలేదు. "సైకిలోళ్ళ ముచ్చట మర్చినవా?" అన్నారు, అంతే. మర్చిపోలేదు. పిల్ల పడుకుంది, స్వెట్టర్ నా ఒళ్ళో ఉంది, ఆ ముచ్చట ఇప్పుడైనా కాగితం మీద పెడదామని కూర్చున్నాను.

పెళ్ళయి ఐర్లండ్ వచ్చిన ఏడాదిపాటు ఎం.బి.ఏ. పట్టా పట్టుకుని కనిపించిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టాను. చివరికి నన్ను రమ్మన్నది ఒక ప్రొఫెషనల్ సైకిల్ రేసుల జట్టు. చిన్న జట్టు. పన్నెండు మంది రైడర్లు, ఇద్దరు మెకానిక్‌లు, ఒక వ్యాను, ఒక మేనేజరు. మేనేజరు ఒకప్పుడు తనే రేసులు తొక్కిన మనిషి. ఎండిన మునక్కాయలా ఉండేవారు, మాటలు కూడా అంత పొదుపు. నేనూ మా ఆయనా ఇంట్లో ఆయన్ని మునక్కాయగారనే అనుకునేవాళ్ళం. ఇంటర్వ్యూ కంప్యూటర్ తెర మీదే జరిగింది. "సైకిళ్ళ గురించి నీకేం తెలుసు?" అని అడిగారు. మా నాన్నగారు ఇరవయ్యేళ్ళు కాకినాడలో ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్ళారనీ, ప్యాంటు చెయిన్‌లో పడకుండా కాలికి క్లిప్పు పెట్టుకునేవారనీ చెప్పాను. ఆయన చాలాసేపు తెరలోంచి నన్నే చూసి, "గ్రాండ్" అన్నారు (ఇక్కడివాళ్ళు 'బాగుంది, సరే' అనడానికి వాడే మాట). ఆరు నెలల ప్రొబేషన్, ఆ తర్వాత పర్మనెంట్ చెయ్యాలో వద్దో చూస్తామన్నారు. (ఇక్కడి నుంచి అందరి మాటలూ ఇంగ్లీషులో జరిగినవే. నాకు మాత్రం అవి తెలుగులోనే గుర్తుండిపోయాయి.)

ఆ ఏడాది రేసులు చాలావరకు రద్దయ్యాయి. ఉన్న రైడర్లలో ముగ్గురు వెళ్ళిపోతే, వచ్చే సీజన్‌కు ముగ్గురు కొత్తవాళ్ళను తీసుకోవాలని నిర్ణయించారు. మొదటి ఇద్దరి సంగతి త్వరగానే తేలింది. ఒకాయనకు ముప్పై ఒకటి, ఇంకొకాయనకు ఇరవై ఆరు, ఇద్దరూ పేరున్నవాళ్ళే. మూడోవాడు పందొమ్మిదేళ్ళవాడు. షానన్ దగ్గర ఆవులున్న ఇంటి పిల్లాడు. కొండ ఎక్కేటప్పుడు వాడిని అందుకున్నవాళ్ళు లేరని మెకానిక్‌లు చెప్పుకునేవారు. అందరూ 'చిన్నోడు' అన్నట్టు పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. చిన్నోడిని తీసుకోవాలంటే మాత్రం ఒక మెలిక ఉంది. జట్టుకు స్పాన్సర్‌గా ఉన్న పెద్దమనిషి తలుపులూ కిటికీలూ తయారుచేసే కంపెనీ యజమాని. ఆ గడ్డుకాలంలో ఇంకో కుర్రాడి భారం నెత్తిన వేసుకోవాలా అని ఊగిసలాడుతున్నారు. సంతకాల రోజున చూసి, నచ్చితే చిన్నోడి కాంట్రాక్ట్ మీద తనూ సంతకం పెడతానన్నారు. పెట్టకపోతే వాడికి ఆ ఏడు ఇంకో జట్టు దొరికే ఆశ లేదు. ఇంకా కాంట్రాక్ట్ లేదు కాబట్టి లాక్‌డౌన్‌లో అందరిలాగే వాడికీ ఇంటి నుంచి ఐదు కిలోమీటర్ల హద్దు ఉండేది. దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపేవారు. ఆ ఐదు కిలోమీటర్లలోనే రోజుకు నాలుగ్గంటలు గానుగెద్దులా తిరిగేవాడు పాపం.

నా పని చాలా చిన్నది. ముగ్గురికీ కొలతల ఫారం పంపి, నింపి పంపినవి ఇటలీలో జెర్సీలు కుట్టేవాళ్ళకు చేర్చి, తయారైనవి వాళ్ళ ఇళ్ళకు అందేలా చూడటం. ముప్పై ఒకటాయన, ఇరవై ఆరాయన కొలతలు ఉన్నవి ఉన్నట్టే పంపాను. ఇక పెరిగే వయసు కాదు కదా. చిన్నోడి ఫారం దగ్గర నా చెయ్యి ఆగింది. ఎస్ అని రాశాడు. సీజన్ ఇంకా నాలుగు నెలలుంది. లాక్‌డౌన్, ఇంట్లో తల్లి వంట, పందొమ్మిదేళ్ళ ఒళ్ళు. మా ఇంట్లో నాకెప్పుడూ సరిపోయే బట్టలు కొన్నది లేదు. స్కూలు పావడాకు అమ్మ లోపల నాలుగు మడతలు వేసి కుట్టించేది. ఏడాదికొక మడత విప్పేవాళ్ళం. విప్పినచోట కొత్తరంగు ఒక చారలా కనబడేది. ఆ చారలు లెక్కపెట్టి నేను ఏ క్లాసో చెప్పవచ్చు. అయినా అనుమానం వచ్చి, మామూలుగా అడిగినట్టు అమ్మకు ఫోన్ చేశాను. "పందొమ్మిదేళ్ళ మగపిల్లాడు అమ్మా, బట్టలు ఏ సైజు తీసుకోవాలంటావు?" అన్నాను. "ఎవరే వాడు?" అంది అమ్మ ముందు. చెప్పాక, "ఎదిగే పిల్లాడికి కొలత పట్టుకుని కొంటారా ఎవరైనా? రెండు సైజులు పెద్దవి తీసుకో. ఆ తల్లి నీ పేరు చెప్పుకుంటుంది," అంది. ఫారంలో ఎస్ కొట్టేసి ఎల్ అని రాశాను. ఎనిమిది జెర్సీలు. ఉద్యోగంలో సొంత బుర్ర వాడిన మొదటి సందర్భం అదే. ఆ పూట చాలా తృప్తిగా అన్నం తిన్నాను.

సంతకాలు శుక్రవారమనగా సోమవారం చిన్నోడు వీడియో కాల్ చేశాడు. "ఇబ్బంది పెడుతున్నందుకు సారీ. ఇది నాదేనా? మా నాన్న కోసం ఏమైనా పంపారా?" అన్నాడు. తెరలో దండెం మీద ఆరేసిన దుప్పటి, దాని పైన ఒక తల. వాడు చెయ్యెత్తితే చెయ్యి ముందు లేచింది, చొక్కా చెయ్యి కాసేపటికి లేచింది. చలికి లోపల స్వెట్టర్ వేసుకోవచ్చు కదా అన్నాను. నా అజ్ఞానానికి నవ్వకుండా, జెర్సీ ఒంటికి తోలులా అతుక్కోవాలనీ, కొండ దిగేటప్పుడు ఇది గొడుగులా తెరుచుకుని తనను వెనక్కి లాగుతుందనీ ఓపికగా చెప్పాడు. అటుగా వెళ్తున్న మా ఆయన తెర వైపు ఒక్క చూపు చూసి, "గా పిల్లగాడు అంగి ఏసుకున్నడా, అంగే పిల్లగాణ్ణి ఏసుకుందా?" అన్నారు. కొత్తవి కుట్టించాలంటే ఆరు వారాలు పడుతుంది. పక్క వారమే నా ప్రొబేషన్ తేలేది. "మేనేజర్‌కు చెప్పేద్దామా?" అన్నాడు చిన్నోడు. "సంతకాలయ్యాక నేనే చెబుతాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలోకి చూడలేదు.

గురువారం చిన్నోడి అమ్మగారిని కూడా తెర ముందుకు పిలిచాను. మేముండే ఆడమ్స్‌టౌన్ నుంచి అంత దూరం షానన్ వెళ్ళే వీల్లేదు కాబట్టి నా చేతులు చెయ్యాల్సిన పని ఆవిడ చేతులతో చేయించాలి. ఆ ఇంట్లో కుట్టుమిషన్ లేదు. "పోనీ, పిన్నీసులున్నాయా?" అన్నాను. తల్లీకొడుకులిద్దరూ నవ్వారు. వాడు లోపలికెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి ఊపాడు. రేసులో వీపు మీద నంబరు కట్టుకోవడానికి ప్రతిసారీ నాలుగు పిన్నీసులిస్తారట. పదేళ్ళప్పటి నుంచి అన్నీ దాచాడు. నాకూ ఆ పిల్లాడికీ మధ్య ఉన్న ఉమ్మడి ఆస్తి ఇదొక్కటే అనిపించింది. పట్టుచీరకు కుచ్చిళ్ళు పెట్టే విద్య అంతా ఆ తల్లికి నేర్పాను. "వీపు మధ్యలో పట్టుకుని లోపలికి మడవండి. పిన్నీసు నిలువుగా. ముందు వైపుకు కనబడకూడదు." ఆవిడ, "ఇలాగా, లవ్?" అనేది (మనం 'అమ్మడూ' అన్నట్టు). "ఇంకొంచెం బిగించండి," అనేదాన్ని. "అమ్మా, అది నా వీపు," అనేవాడు వాడు. ముప్పై ఆరు పిన్నీసులతో చిన్నోడు ముందునుంచి అచ్చం రైడర్‌లా తయారయ్యాడు. "రేపు కెమెరా ముందు కదలకు, కూర్చోకు, వెనక్కి తిరగకు," అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

శుక్రవారం పదకొండింటికి అందరం తెర మీద చేరాం. మామూలు ఏడాదైతే హోటల్లో పూలగుత్తులూ ఫోటోలూ ఉంటాయట. ఆ ఏడు ఎవరి వంటింటి బల్ల మీద వాళ్ళే, జట్టు జెర్సీ వేసుకుని సంతకం పెట్టాలి. ముప్పై ఒకటాయన చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని పెట్టారు. ఇరవై ఆరాయన పెన్ను రాయక ఇంకొకటి వెతుక్కుని పెట్టారు. చిన్నోడు రాగానే మునక్కాయగారు, "జెర్సీ బాగా పట్టింది," అన్నారు. ఆయన నోట నేను విన్న మొదటి మెప్పు అది. స్పాన్సర్ కిటికీలాయన పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నారు. తీసి, ఆగి, "ఒకసారి వెనక్కి తిరుగు నాయనా. మా పేరెలా వచ్చిందో చూద్దాం," అన్నారు.

చిన్నోడు నిలబడే ఉన్నాడు. "తిరుగు," అన్నారాయన మళ్ళీ. వాడు తిరిగాడు. మెడ నుంచి నడుం దాకా చేపముల్లులా పిన్నీసులు. కిటికీల కంపెనీ పేరు మొత్తం మడతల్లోకి వెళ్ళిపోయింది. అదే సమయానికి ఒక పిన్నీసు ఊడి కింద పడిన చప్పుడు కూడా వినబడింది. "ఏమిటది?" అన్నారు కిటికీలాయన. "తప్పు నాదేనండీ. సైజు తప్పు రాశాను," అన్నాడు చిన్నోడు, గోడవైపే చూస్తూ. ఆయన కళ్ళజోడు తీశారు. "తన కొలత తనకే తెలియని కుర్రాణ్ణి నమ్మి సీజనంతా ఎలా పంపమంటారు?" అని మునక్కాయగారిని అడిగి, పెన్నుకు మూత పెట్టేశారు.

ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నేను ధైర్యవంతురాలిని కాదని ముందే చెప్పాను. కానీ గోడవైపు తిరిగి ఉన్న ఆ వీపును చూస్తూ ఊరుకోవడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కావాలి. "వాడు సరిగ్గానే రాశాడు. ఎస్ అని. నేనే ఎల్ అని మార్చాను," అన్నాను. "ఎందుకు?" అన్నారు మునక్కాయగారు. "పందొమ్మిదేళ్ళే కదా. ఎదుగుతాడని," అన్నాను. అక్కడితో ఆగక, కంగారులో నా పావడా గురించి, నాలుగు మడతల గురించి, చారల గురించి కూడా చెప్పేశాను. (మా ఆయన వంటగదిలో తల పట్టుకోవడం నాకు కనబడుతూనే ఉంది.) చిన్నోడి అమ్మగారు బిస్కెట్ల డబ్బాతో సహా తెరలోకి వచ్చారు. "ఆ పిల్లనేం అనకండి. పన్నెండేళ్ళప్పుడు చర్చిలో వీడి కన్ఫర్మేషన్ వేడుకకు సూటు నేనూ అలాగే కొన్నాను. వీడింకా దానికి సరిపడా ఎదుగుతూనే ఉన్నాడు," అన్నారు. కిటికీలాయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నా స్కూలు స్వెట్టర్ కొన్నప్పుడు మా అమ్మా ఇదే మాట చెప్పింది," అన్నారు. "స్కూలు వదిలిన రోజు కూడా దాని చేతులు మడుచుకునే బయటికొచ్చాను." పెన్ను మూత మళ్ళీ తీశారు. "కొత్తవి వీడి కొలతకు చేయించండి. నా పేరు చదవడానికి వీలుగా ఉండాలి," అని సంతకం పెట్టారు. చిన్నోడు ఇటు తిరిగాడు. బల్ల ముందు కూర్చోబోయి, పిన్నీసులు గుర్తొచ్చి, నిలబడే సంతకం పెట్టాడు.

మూడింటికి ఫోన్ చేస్తానని మునక్కాయగారు మెసేజ్ పెట్టారు. మూడయ్యేలోపు వంటింట్లో ప్రెస్‌లన్నీ ఖాళీ చేసి, తుడిచి, మళ్ళీ సర్దాను (ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు, ఆ ఉద్యోగం నేర్పిన మాటే). ఉద్యోగం పోయిందని ఆయనకంటే ముందు నేనే నిర్ణయించుకుని, కంది పప్పు డబ్బా పట్టుకుని కాస్త ఏడ్చాను కూడా. ఫోన్ వచ్చింది. "ఒప్పుకున్నావు, బాగుంది," అన్నారు. "సోమవారమే ఒప్పుకుని ఉంటే ఇంకా బాగుండేది." నిజమేనన్నాను. చాలాసేపు కాగితాల చప్పుడు. "ఈ ఉద్యోగం నీకింకా కొంచెం వదులుగా ఉంది. ప్రొబేషన్ మూడు నెలలు పొడిగిస్తున్నాను. ఎదుగుతావులే," అన్నారు. నవ్వారో లేదో తెలియదు, కెమెరా ఆపేసి ఉన్నారు.

మూడు నెలలకు పర్మనెంట్ చేశారు. చిన్నోడు ఆ సీజన్లో కొండలు బాగానే ఎక్కాడు. ఒడ్డూ పొడుగూ మాత్రం ఒక్క వేలెడు కూడా పెరగలేదు. ఆ సంగతి అమ్మకు నేటికీ చెప్పలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు షానన్ నుంచి ఒక పార్శిల్ వచ్చింది. విప్పితే ఆ ఎల్ జెర్సీ, దానికి గుచ్చి ఒక పిన్నీసు, దానికొక చీటీ: "ఎదిగే పిల్లకు."

ఇప్పుడది మా అమ్మాయి నైట్ డ్రెస్. పాదాలదాకా వస్తుంది, వీపు మీద కిటికీల కంపెనీ పేరు స్పష్టంగా చదవవచ్చు. సాయంత్రం ఏడేళ్ళ స్వెట్టర్ తొడిగి చూస్తే చేతులు లోపలే ఉండిపోయాయి. "ఇట్స్ గ్రాండ్, మమ్మీ," అంది, బయటికి రాని చేతులు రెండూ ఊపుతూ. ఇప్పుడే ఆ స్వెట్టర్ చేతులు లోపలికి రెండు మడతలు మడిచి పిన్నీసులు పెట్టాను. ఎస్ కొట్టేసి ఎల్ రాసుకుని తృప్తిగా అన్నం తిన్న అప్పటి ఆ అమ్మాయి, నేనే, గుర్తొస్తోంది. పాపం, ఆ పిల్లకు ఆ రోజుల్లో అన్నీ వదులే. ఉద్యోగం వదులు, దేశం వదులు, భుజం మీంచి ఏది ఎప్పుడు జారుతుందోనని ఒక చేత్తో పట్టుకునే తిరిగేది. ఇప్పటికీ ఒక చెయ్యి అక్కడే ఉంది. పోనీ, ఆ పావడాలా నాకూ నాలుగు మడతలేగా, ఇది రాసి ఒకటి విప్పాను.