అజైబాలో తరవాణి కుండ

మొన్న ప్రొద్దుటూరు బజారులో మంచినీళ్ళ కుండలు అమ్మే చోట కాళ్ళు ఆగిపోయాయి. కుండల మీద కప్పిన గోనెసంచులపై అమ్మే మనిషి చెంబుతో నీళ్ళు చల్లుతున్నాడు. ఎండలో తడిసిన గోనె వాసన ముక్కుకు తగలగానే ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయాను. ఆ వాసన వెంట సత్యవతక్క గొంతు వచ్చింది, "ఏవే ఓబులమ్మా, నిలబడి నిద్దరోతున్నావా?" అని. ఆమెను మీరెవరూ ఎరగరు. ఎరిగి ఉంటే ఈపాటికి మీలో సగంమందిని తిట్టిపోసి, ఆ తర్వాత పిలిచి అన్నం పెట్టి ఉండేది.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో, ఏడాది సరిగా గుర్తులేదు. మూడేళ్ళ బిడ్డను మా అమ్మ దగ్గర వదిలి, కడప జిల్లాలోని మా పల్లె నుంచి మస్కట్ వెళ్ళాను. ఆ ఊళ్ళోనే అజైబా అనే పేటలో ఒక ఒమానీ కుటుంబం ఇంట్లో పని. అక్కడ పదకొండేళ్ళుగా వంట చేస్తున్న మనిషి సత్యవతక్క. కోనసీమ వాళ్ళు. యాభైకి దగ్గర పడ్డ వయసు, బొద్దు మనిషి, నడకలో ఎప్పుడూ తొందర. మొదటిరోజు నన్ను కిందికీ పైకీ చూసి, "కడపా? అయితే ముందు చెయ్యి కట్టుకో. ఈ ఇంట్లో ముసలమ్మగారికి కడుపులో పుండు. నీ కారం ఇక్కడ చెల్లదు" అంది. ఏడుపు ముఖంతో వెళ్ళిన నాకు నవ్వాలో మండిపడాలో తెలియలేదు.

మా గదికి ఆనుకుని బయటి వంటిల్లు. దాని వెనక గోడ నీడలో, ఏసీ నీళ్ళ గొట్టం కింద, అక్క ఒక పాత తొట్టిలో ఇసుక పోసి, అందులో మట్టికుండను సగందాకా పూడ్చింది. కుండ చుట్టూ గోనెపట్టా. ఏసీ గొట్టంలోంచి చుక్క చుక్క కారే నీరు ఆ గోనె మీద పడుతూ ఉండేది. మూత తీసి చూస్తే తెల్లటి పుల్లనీళ్ళు.

"ఇదేంది అక్కా, కుడితా?" అన్నాను.

"కుడితంటే నాలిక కోస్తాను. తరవాణే ఇది. తాగి చూసి మాట్టాడు."

అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, గుప్పెడు మెతుకులు కుండలో పోసి పులియబెడితే మూడోనాటికి పుల్లటి తేట తయారవుతుంది. ఉప్పు, నిమ్మాకు వేసుకుని తాగాలి. తీసుకున్నంత గంజి మళ్ళీ పోస్తూ ఉంటే కుండ ఏళ్ళ తరబడి నడుస్తుంది. రాగి అంబలి తాగి పెరిగిన నాకు మొదటి గుక్క గొంతు దిగలేదు. నెల తిరిగేసరికి పొయ్యిల వేడికి తాళలేక నేనే గ్లాసు పట్టుకుని నిలబడేదాన్ని. "కుడితి కావాలా అమ్మడూ?" అని అడిగి మరీ పోసేది.

ఆ ఎండల్లో తరవాణి నిలబెట్టడం మాటలు కాదు. "వేడెక్కితే దానికి తిక్కెక్కుద్దే. తిక్కెక్కితే అది తరవాణి కాదు, కల్లు" అనేది. రోజూ పొద్దున్నే మోచేతి దాకా చెయ్యి తడుపుకుని గుమ్మంలో చాచి నిలబడేది. చెయ్యి ఇట్టే ఆరిపోతే ఎడారి వైపు పొడిగాలి వీస్తున్నట్టు. ఆ రోజుకు తడిగోనె చాలు. ఎంతసేపటికీ ఆరకపోతే సముద్రం వైపు ఉక్క పట్టినట్టు. ఆ రోజు గోనె విప్పేసి, ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు కుండ చుట్టూ పేర్చి, పూటకు రెండుసార్లు మార్చేది. నేను ఒకసారి ఉక్కరోజున గోనె మీద బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తుంటే బకెట్టు లాక్కుంది. "నీ చెయ్యే ఆరట్లేదు, గోనె ఎట్టా ఆరుద్దే? ఆరితేనే చలవ. తడి ఎంతుంటే ఏం లాభం?" నేను తలూపాను గానీ బుర్రకు ఎక్కించుకోలేదు.

జూలైలో బురైమీలో చుట్టాలింట పెళ్ళి వచ్చింది. సత్యవతక్కను కూడా మేడం వంట సాయానికి తీసుకుపోయింది. ముసలమ్మగారిని చూసుకోవడానికి నేను ఉండిపోయాను. వెళ్తూ అక్క మూడుసార్లు చెప్పింది: చెయ్యి తడిపి చూడు, సీసాలు మార్చు, కుండలో గంజి తప్ప ఇంకేదీ వెయ్యకు.

నాలుగు రోజులూ ఉక్కే. గోనె తడిగా ఉంది కదా అని నేను సీసాల జోలికే పోలేదు. అంతటితో ఆగినా బాగుండేది. మేడం వాళ్ళ తోట నుంచి ఖర్జూరం బుట్టలు వచ్చాయి, మెత్తగా, తేనె కారుతూ. అలిసిపోయి వచ్చే అక్కకు తియ్యతియ్యగా పుల్లపుల్లగా ఇద్దామని నాలుగు గుప్పెళ్ళు పిసికి గింజలతో సహా కుండలో వేశాను. ప్రేమ ఎక్కువైతే చేసే పనులు ఇలాగే ఉంటాయి.

వాళ్ళు తిరిగొచ్చిన ఆదివారం, పెళ్ళిసామాన్లు దించుతూ బయటి వంటింటి వైపు ముందు వచ్చింది మేడం. కుండ మూత నురగతో పైకి లేచి ఉంది. లోపల బుసబుస. ఈతవనం పక్కన నడిచినట్టు వాసన.

"ఖమర్?" అంది మేడం. అరబ్బీలో సారా అన్నమాట. ఐదుపూటలా నమాజు చేసే ఇల్లు అది. ఆమె ముఖం నల్లబడిపోయింది.

వెనకే వచ్చిన అక్క వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. ఒక్కసారి నా వైపు చూసింది. పాడైన గంజి అని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. అనలేదు. తనకు వచ్చిన హిందీ, అరబ్బీ కలిపి చెప్పింది. "నేనెళ్ళేటప్పుడు ఇది సారా కాదు మేడం. ఇప్పుడు అయింది. కుండ నాది. తప్పు నాది."

సొహార్‌లో ఉద్యోగం చేసే సారు బుధవారం వస్తాడనీ, అక్కను ఉంచాలో ఊరికి పంపాలో ఆయనే చెబుతాడనీ మేడం లోపలికి వెళ్ళిపోయింది. అక్క కుండను పైకి లాగి ఒంపేసి, గోడకేసి పగలగొట్టింది. నేను నోరు తెరవబోతే, "నువ్వొచ్చి నాలుగు నెల్లు. నిన్ను పంపేస్తే మళ్ళీ ఏ ఇంటోళ్ళు పిలుస్తారు? మూసుకో" అంది. అక్క కూతురు కాకినాడలో నర్సు చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. ఆ చదువంతా ఈ వంటింటి మీదే నడుస్తోందని నాకు తెలుసు. తెలిసి కూడా మూసుకున్నాను. దాచడమెందుకు, లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

సోమవారం నుంచి అక్క నాకు వంట నేర్పడం మొదలుపెట్టింది. ముసలమ్మగారి గంజి ఎంత పలచన, ఎండునిమ్మకాయ ఎప్పుడు వెయ్యాలి, సారుకు చేప ఎలా కాల్చాలి. తిట్టకుండా నేర్పింది. అది భరించడం ఇంకా కష్టమైంది. బుధవారం మధ్యాహ్నం తన చీరలు పెట్టెలో సర్దుకుని, వంటింట్లో డబ్బాల మీద కాగితం ముక్కలు అంటిస్తూ కనిపించింది. డబ్బాల మీది అరబ్బీ అక్షరాలు నేను చదవలేనని తెలుగులో రాస్తోంది. జీలకర్ర. గోధుమరవ్వ. చివరి డబ్బా మీద ఇలా ఉంది: "ఖర్జూరం. ఇది దేంట్లోనూ వెయ్యకు."

నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను. అలాగే తడి ముఖంతో హాల్లోకి వెళ్ళి మేడం ముందు నిలబడ్డాను.

"మేడం, తమర్... అనా" అన్నాను. ఖర్జూరం, నేను. నాకు మాట్లాడ వచ్చిన అరబ్బీ అంతే, వింటే మాత్రం అర్థమయ్యేది. మిగతాది చేతులతో చెప్పాను.

మేడం చాయ్ కప్పు కింద పెట్టింది. "మాలూమ్" అంది, తెలుసని. పెంకుల మధ్య గింజలు ఆదివారమే చూసిందట. పదకొండేళ్ళలో సత్యా చెప్పకుండా ఈ ఇంటి ఖర్జూరం ఒక్కటీ ముట్టలేదట. "నువ్వు చెప్తావా, ఆమెను పోనిస్తావా అని చూస్తున్నాను."

సాయంత్రం సారు వచ్చాడు. ఆయనకు మేడం ఏం చెప్పిందో తెలియదు. ఇకమీదట ఈ ఇంట్లో ఏదీ పులియబెట్టవద్దని మాత్రం కబురు వచ్చింది. ఇద్దరం ఉండిపోయాం. సంగతి తెలిసి అక్క శివాలెత్తింది. "ఇద్దర్నీ పంపేస్తే ముసలమ్మగారికి గంజి కాసేదెవరే, బుద్ధిలేనిదానా?" పెట్టెలో చీరలన్నీ నాతోనే తీయించి, మడతలు నలిగాయని మళ్ళీ తిట్టింది. తర్వాత కంచం పెట్టి, అన్నంలో నెయ్యి వేసి, పక్కన కూర్చుని, నేను తినడం అయ్యేదాకా లేవలేదు.

మరో మూడేళ్ళకు కూతురికి ఉద్యోగం వచ్చాక అక్క వెళ్ళిపోయింది. ఆ ఎండల్లో మళ్ళీ తరవాణి తాగకుండానే వెళ్ళింది. నిరుడు ఆమె పోయిందని ఆ కూతురే ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో చిన్న మెస్ నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. ఏది చెడినా, ఎవరూ అడగకముందే, నా వల్ల జరిగిందైతే నాదేనని చెప్పేస్తాను. ఓబులమ్మ నిజాయితీ గలదని నలుగురూ అంటారు. వాళ్ళకేం తెలుసు. మూడు రోజులు నోరు మూసుకుని అక్క పక్కన నిలబడి, ఆమె చోటు తీసుకోవడానికి వంట నేర్చుకున్నాను. అలాంటి రోజు ఇంకొక్కటి, నాలుగోది, నా వల్ల కాదు.