ఖాసీం కారు డిక్కీలో పెట్టె

మా పక్కింటి మేడ మీద నీళ్ల ట్యాంకు చీలిపోయింది. నిన్న మధ్యాహ్నం దానికి అతుకు వేయడానికి ఎవరో వచ్చారు. నేను వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్నాను. కరివేపాకు వాసనను తోసుకుంటూ కిటికీలోంచి ఫైబరు అతికే రెజిన్ జిగురు వాసన వచ్చింది. ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, అది ముక్కు దగ్గర ఆగదు, నేరుగా గొంతులోకి దిగి గీరుతుంది. స్టవ్ ఆపేసి కిటికీలన్నీ మూశాను. అయినా ఇల్లంతా అదే. కళ్లు తుడుచుకుంటుంటే మా అమ్మాయి చూసి ఏమైందమ్మా అంది. ఘాటు అన్నాను. అది సగమే నిజం. ఆ వాసనకు నాకు దస్తగిరి అన్న గుర్తొస్తాడు, ఆయన గుర్తొస్తే ఆ రోజు ఇక నాకు ఏ పనీ సాగదు.

ఆయనను ఎరగనివాళ్ల కోసం రాస్తున్నాను. ఎరిగినవాళ్లు కర్నూల్లో ఇంకా కొందరు ఉన్నారు గానీ, వాళ్లు చెప్పుకొని నవ్వుకునేది చివరి రోజుల దస్తగిరిని గురించి. నేను చెప్పేది అంతకు ముందు మనిషి గురించి. నంద్యాల రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు ఆయనది. కార్లకు సీటు కవర్లు, టేపు రికార్డర్లు, అద్దాలకు నల్ల కాగితాలు, అన్నీ అక్కడే. కానీ ఆయన పేరు పాకింది పెట్టెలతో. అప్పట్లో కుర్రకారుకు కారు డిక్కీలో పెద్ద స్పీకరు పెట్టించుకోవడం ఒక పిచ్చి. ఊఫరు అనేవాళ్లు. దానికి పెట్టె కావాలి. అందరూ చెక్కతో నలుపలకల పెట్టె చేసి పడేస్తే, ఈయన ఫైబరుతో, డిక్కీలో ఎన్ని వంపులుంటే అన్ని వంపులకూ అతికినట్టు చేసేవాడు. కడప నుంచి కూడా కార్లు వచ్చేవి.

మా ఆయన లారీ మీద పోతే నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. వీధిలో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టీ కుట్టీ, బిగుతైంది వదులైంది అని వాళ్లు పెట్టే పేచీలు వినీ వినీ, నాకు విసుగు పుట్టింది. సీటు కవర్లకు కుట్టేవాళ్లు కావాలంటే పోయి నిలబడ్డాను. ఆడమనిషి కార్ల షెడ్డులోనా అని ఆయన అనలేదు. రెక్సిన్ ముక్క చేతికిచ్చి, "జాకెట్టు కుట్టినట్టే కుట్టు సుంకమ్మా. సీటు పైకి తిరగబడి మాట్లాడదు, అంతే తేడా," అన్నాడు. నాకు ఆ క్షణమే ఆ మనిషి నచ్చాడు.

ఫైబరు పెట్టెలో గుడ్డకు చాలా పని ఉందని అక్కడికి పోయాకే తెలిసింది. ముందు డిక్కీ నేలంతా టేపు అంటించి, దాని మీద గాజు నార పరిచి రెజిన్ పూసి, ఆ వంపులన్నీ అచ్చు తీస్తారు. ఊఫరు కూర్చునే చెక్క ఉంగరాన్ని పుల్లలతో పైన నిలబెడతారు. ఆ ఉంగరానికీ అచ్చుకూ మధ్య గుడ్డను బిగలాగి, దానికి రెజిన్ తాగిస్తారు. గుడ్డ ఎలా నిలబడితే పెట్టె అలా గట్టిపడుతుంది. గట్టిపడే మందు కలిపిన రెజిన్ మా ఊరి ఎండకు గిన్నెలోనే పొగలు కక్కి రాయి అయిపోతుంది కాబట్టి, ఎండాకాలం ఆ పని నమాజు చేసుకొని వచ్చిన వెంటనే, పొద్దు పొడిచేలోగా ముగించేవాడు. గిన్నె కింద తడి గోనెసంచి వేసుకునేవాడు. గుడ్డ కుట్టి లాగడం నా పని. మొదట్లో ఒక మూల చిన్న ముడత పడింది. విప్పమన్నాడు.

"పైన పుట్టీ పెడతారు, మళ్లీ రెక్సిన్ కప్పుతారు. ఎవరికి కనపడుతుందన్నా?" అన్నాను.

"నీకు కనపడింది గదమ్మా. ఇంకెవరికి కనపడల్ల?" అన్నాడు.

కోపంగా కాదు, నిజంగానే నన్ను అడిగినట్టు. నేను కుట్టు విప్పాను. ఈ రోజుకీ నా చేతిలో ఏ కుట్టు పడినా ఆ మాట దాటుకొని పోదు. అమ్మ నేర్పిన వంట మరిచిపోయాను గానీ అది మరవలేదు.

ఆయనకు ఒక్కడే తమ్ముడు, ఖాసీం. నాన్న చిన్నప్పుడే పోతే దస్తగిరి అన్నే వాణ్ణి పెంచాడు. నేను షెడ్డులో చేరేనాటికి ఖాసీం కువైట్ నుంచి తిరిగొచ్చి ఉన్నాడు. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాడు వచ్చినట్టే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పెళ్లి మాట ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. వాళ్లమ్మ హుసేనమ్మ మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకొని షెడ్డుకొచ్చి, "వాడు ఈ పొద్దు కూడా నాతో మాట్లాడల్యా దస్తగిరీ," అని చెప్పి పోయేది. దస్తగిరి అన్న సగం అన్నంలోనే చెయ్యి కడుక్కునేవాడు. తమ్ముణ్ణి మళ్లీ మనిషిని చేయాలి, ఆయన బతుకులో ఆ రోజుల్లో ఇంకో కోరిక లేదు. ఆఖరికి పాత కారొకటి చూసి ఖాసీం చేతికి తాళాలిచ్చాడు. మంత్రాలయం, మహానంది, అహోబిలం పోయే యాత్రికులను తిప్పుకోమన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి పాటలంటే ప్రాణం. కాబట్టి ఆ కారుకు ఒక పెట్టె చేయాలి. మామూలు పెట్టె కాదు.

ఇక్కడే ఆయన తన మాట తానే తప్పాడు. డిక్కీలో అదనపు చక్రం కూర్చునే గుంట ఉంటుంది, స్టెప్నీ గుంట. పెట్టెకు ఎంత చోటు దొరికితే ధ్వని అంత లోతుగా వస్తుంది కాబట్టి, ఆ గుంట కూడా కలిపి చేయమని కుర్రాళ్లు బతిమాలేవాళ్లు. ఆయన చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "పాట లేకున్నా బండి పోతాది. చక్రం లేకుంటే పోదప్పా," అని కసిరేవాడు. అలాంటి మనిషి ఖాసీం కారులో స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంటలోనే టేపు అంటించడం మొదలుపెట్టాడు. నేను నిలబడి చూస్తున్నాను.

"మరి స్టెప్నీ యాడ పెడతాడన్నా?" అన్నాను.

"పైన క్యారియరు మీద కట్టుకుంటాడు లేమ్మా. ఎల్లకాలం ఆ రోడ్ల మీదే తిరుగుతాడు, యాడ చూసినా పంచరు షాపులే గదా." నా వైపు చూడకుండానే అన్నాడు. తరువాత తనలో తాను అనుకున్నట్టు, "వానికి గుండెల్లో తగలల్ల. అట్ల తగిలితేనే లేస్తాడు," అన్నాడు.

ఆ పెట్టెకు పెట్టిన శ్రద్ధ నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. వరస మీద వరస నార పరిచాడు. ఎమరీ కాగితంతో రుద్దీ రుద్దీ చేతులు ఎర్రగా పొక్కిపోయాయి. గుడ్డ నేను కుట్టాను. నా జన్మలో అంత నున్నగా ఏదీ కుట్టలేదు. లాగి బిగించాక ఆయన అరచేతితో చుట్టూ నిమిరి చూసి, నా తల మీద చెయ్యి పెట్టాడు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది.

మొదటి పాట పెట్టిన రోజు ఖాసీం డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఊఫరు పలికేసరికి షెడ్డు రేకులు అదిరాయి. పక్క టీ అంగడి వాడు గ్లాసులు పట్టుకొని బయటికొచ్చాడు. ఖాసీం ముందు ఉలిక్కిపడ్డాడు, తరువాత స్టీరింగు మీద తల పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. అలా నవ్వుతూనే ఉన్నాడు. హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. దస్తగిరి అన్న ఎమరీ కాగితాలు ఏరుతున్నట్టు నటిస్తూ అటు తిరిగాడు. ఆ తరువాత కొన్ని నెలలు వాళ్లింట్లో పండగే. పాటల కారు కావాలని యాత్రికులు అడిగి మరీ ఎక్కేవాళ్లు. ఖాసీం మాట్లాడాడు, జుట్టు దువ్వుకున్నాడు, పెళ్లికి సరే అన్నాడు. సామాన్లు ఎక్కువై క్యారియరు మీద చోటు చాలక, స్టెప్నీ దిగొచ్చి మా షెడ్డు గోడకు ఆనింది. అది ఎవరూ పట్టించుకోలేదు. మేమంతా సంతోషంగా ఉన్నాం.

ఆ ఎండాకాలం హుసేనమ్మ పాణ్యం దగ్గర పుట్టింటికి పోయింది. అక్కడ గుండెల్లో నొప్పి వచ్చింది. పిలిస్తే వచ్చే ఆంబులెన్సులు అప్పటికి మా వైపు లేవు. ఊళ్లో సూదిమందు వేసే ఆయన చూసి వెంటనే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడట. ఖాసీం పోయి ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టుకొని బయల్దేరాడు. ఓర్వకల్లు బండల దగ్గర టైరు పేలింది. ఖాసీం సెల్లు నుంచి షెడ్డుకు ఫోను వచ్చింది. దస్తగిరి అన్న ఫోనులో అరిచిన మాటలు నేను నా చెవులతో విన్నాను. "నువ్వు యాడికీ పోవద్దు. ఆడనే ఉండు. చక్రం తీసుకొని నేను వస్తాండా."

స్టెప్నీ ఎత్తితే మెత్తగా వంగింది. ఎండకు ఎప్పుడో గాలి దిగిపోయింది. పంచరు షాపుకు పరుగెత్తి గాలి కొట్టించి, ఆటోలో వేసుకొని బయల్దేరాం. హుసేనమ్మకు ఆడతోడుగా ఉంటానని నేనూ ఎక్కాను. చక్రం మా ఇద్దరి మధ్య ఉంది. దారి పొడుగునా ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకొని, "ఇంకొంచెం తొక్కప్పా, ఇంకొంచెం," అంటూనే ఉన్నాడు.

మేము పోయేసరికి కారు తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. చుట్టూ నీడనిచ్చే చెట్టన్నది లేదు. వెనక సీట్లో ఖాసీం అమ్మ తల ఒళ్లో పెట్టుకొని, తువ్వాలుతో విసురుతున్నాడు. ఆమె అప్పటికే లేదు. వాడు విసరడం ఆపలేదు.

"వచ్చినావా అన్నా," అన్నాడు. "జీపు ఒకటి ఆగిండె. ఎక్కించుకుంటామన్నారు. మా అన్న వస్తాండాడని పంపించేసినా."

దస్తగిరి అన్న ఆటోలోంచి చక్రం దించాడు. అమ్మను ఇంటికి చేర్చాలన్నా చక్రం మార్చాల్సిందే కదా. జాకీ పెట్టాడు. కారు ఒక పక్క లేస్తుంటే లోపల ఆమె తల పక్కకు వాలింది, ఖాసీం పట్టుకున్నాడు. నట్లు బిగిస్తుంటే చెమటకు పానా జారిపోయింది. నేను తీసిచ్చాను. ఏం చేయాలో తెలియక రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. ఎంతో మంచి పని నేర్చుకున్నాననుకున్నాను, ఆ పని అంతా ఆ డిక్కీలో ఉంది.

ఖాసీం అన్నను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, ఇద్దరూ బతికేవాళ్లేమో. నలభయ్యో రోజు అమ్మ పేరున ఫాతిహా చదివించాక దస్తగిరి అన్న కారును షెడ్డులోకి తెచ్చి, గడ్డపార తీసుకొని పెట్టె మీద పడ్డాడు. రెక్సిన్ చిరిగింది, అంతే. గడ్డపార ఎగిరి వెనక్కి వస్తోంది. మళ్లీ కొట్టాడు. చెమటలు కారిపోయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చి, నేల మీద కూలబడ్డాడు. "ఇంత గట్టిగా యాల చేస్తినమ్మా నేను," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఖాసీం మళ్లీ గోడ వైపు తిరిగాడు. కొన్నాళ్లకు ఎవరికీ చెప్పకుండా కువైట్‌కే పోయాడని తెలిసింది. ఫోను చేయలేదు. అక్కడి నుంచి వచ్చినవాళ్లను అన్న బస్టాండుకు పోయి మరీ అడిగేవాడు. చూశామని ఒకరూ చెప్పలేదు. పెట్టెల పని మానేశాడు. షెడ్డు ముందు ఏ కారు ఆగినా వెనక్కి పోయి, "స్టెప్నీ ఉండాదా అప్పా? డిక్కీ తెరువు, చూస్తా," అనేవాడు. జనం స్టెప్నీ దస్తగిరి అని పేరు పెట్టారు. నాకు వాళ్ల మొహాలు పగలగొట్టాలనిపించేది. మెల్లగా షెడ్డు మూతపడింది. ఇన్నేళ్లూ పీల్చిన గాజు దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు చెప్పారు.

చివరిసారి చూడటానికి పోయినప్పుడు మంచంలో దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. నేను సొంతంగా సీటు కవర్ల అంగడి పెట్టుకున్నానని చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. నా చేతుల వైపు చూశాడు.

"ఆ పొద్దు నువ్వు అంత బాగా కుట్టకుండా ఉంటే బాగుండు సుంకమ్మా," అన్నాడు. ఊపిరి తీసుకొని మళ్లీ అన్నాడు. "ఎంత లాగినా కుదరకుండా ఉండింటే, ఆ పెట్టె ఇడిసిపెట్టింటిని. నా తమ్ముడు ఈడనే ఉండేవాడు."

కోపంగా అనలేదు. నిందించాలనీ అనలేదు. తమ్ముడు దక్కి ఉండే దారి ఒక్కటైనా ఎక్కడైనా ఉండిందా అని రాత్రింబగళ్లు వెతికి వెతికి, చివరికి దొరికింది నాకు చెప్పాడు. అవునన్నా అన్నాను. వారం తిరగకుండానే పోయాడు. ఖాసీంకు కబురు పంపడానికి ఎవరి దగ్గరా నంబరు లేదు.

నేను ఇంకా కుడుతూనే ఉన్నాను. ఆయన నేర్పినట్టే కుడుతున్నాను, ఇంకో విధంగా కుట్టడం నాకు రాదు. కారు తీసుకుపోయేటప్పుడు ఎవరైనా సీటు మీద చెయ్యి వేసి నిమిరి, "శానా బాగా కుదిరిందక్కా," అంటారు. నాకు సంతోషం కలగదు, భయమేస్తుంది.