నీడ ఎవరిదో నీళ్లు వాళ్లవి

వరంగల్లులో మా దుకాణాల వీధి ఉత్తర దక్షిణాలుగా ఉండేది. పడమటి వరసలో మా కిరాణా దుకాణం, ముఖం తూర్పుకు. సరిగ్గా ఎదురుగా గాజుల దుకాణం, ముఖం పడమటికి. అరవయ్యో దశకం మొదట్లో మున్సిపాలిటీ వాళ్లు రెండు వైపులా కానుగ మొక్కలు నాటి చేతులు దులుపుకుని పోయారు. ఏడాది తిరిగేసరికి కొన్ని ఎండాయి, మిగతావి మేకలు తిన్నాయి. మళ్లీ వానలు పడ్డాక వీధి పెద్దలు మా అరుగు మీద కూర్చుని, కొత్త మొక్కలు నాటుదాం, ఎవరి దుకాణం ముందు మొక్కకు వాళ్లే నీళ్లు పొయ్యాలి అన్నారు.

అక్కడే పేచీ వచ్చింది. మా వరస చెట్ల సాయంత్రపు నీడ మా మీద పడదు, ఎదుటి వరస మీద పడుతుంది. వ్యాపారస్తుడికి ఇది మింగుడుపడే సంగతి కాదు. బట్టల దుకాణం ఆయన అందరికంటే ముందు లేచాడు.

"నా నీళ్లు తాగి, నా చెట్టు ఎదుటోని గిరాకీకి గొడుగు పడతదా? ఇదెక్కడి న్యాయమే?"

నాకప్పుడు ఇరవై ఏళ్లు. కొసరు అడగకుండా కొత్తిమీర కట్ట కూడా కొనలేని వాణ్ణి. అదే నా చదువు, అదే నా గర్వం. లేచి ఒక బేరం పెట్టాను: నీడ ఎవరిదో నీళ్లు వాళ్లవి. పొద్దుటి నీడ తూర్పు వరస చెట్లనుంచి మాకు వస్తుంది కాబట్టి వాటికి మేం పోస్తాం. మా చెట్ల సాయంత్రపు నీడ వాళ్లది కాబట్టి మా చెట్లకు వాళ్లు పొయ్యాలి.

అందరూ తలలూపారు. చేదబావి తూర్పు వరస వెనకాల ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ఎదుటి గాజుల దుకాణం నడిపే చిన్నమ్మకు తప్ప.

"బావి మా దిక్కున్నది. నువ్వు బావికాణ్ణుంచి నాలుగడుగులేసి పోస్తవు. నేను నిండు బిందె ఎత్తుకొని రోడ్డు దాటాలె. గంతేనా, చిన్న సేటూ?"

"సాయంత్రపు నీడ పొద్దటి నీడ కంటె ఖరీదు గద చిన్నమ్మా!"

"మాటలకైతె తక్కువ లేదు," అని నవ్వి ఒప్పుకుంది.

ఒప్పుకోక తప్పని అవసరం ఆమెది. ఆడవాళ్లు ఇంటి పని తీర్చుకుని గాజులకు వచ్చేది మూడు దాటాకే. అప్పటికి పడమటెండ నేరుగా దుకాణంలోకి దూరేది. గాజులు చెయ్యి పెట్టలేనంత కాలేవి. చేతికి గాజు ఎక్కించాలంటే మనిషి కదలకుండా కూర్చోవాలి. ఆ ఎండలో ఎవరు కూర్చుంటారు? వచ్చిన వాళ్లు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మల్లొస్తం" అని పోయేవారు. ఆమె ఒంటరిది. ఒక్క కూతురు, నెక్కొండలో అత్తగారింట్లో. నీడ వస్తేనే ఆ దుకాణం నిలిచేది.

మొక్కలకు కంచెలు మేమే కట్టుకున్నాం. నూనె డబ్బాలు కోసి రేకులు సాపు చేశాం. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు పడేసే నూలు ముక్కలు తెచ్చి తాళ్లు పేనాం. పొద్దున్నే, ఇంకా బోణీ కాకముందు, రెండు వరసల వాళ్లం బిందెలతో ఎదురెదురుగా వచ్చేవాళ్లం. చిన్నమ్మ మా చెట్టు మొదట్లో బిందె వంచుతూ ఊరికే పోయేది కాదు.

"ఏం కొడుకా, ఇయ్యాల కందిపప్పుల రాళ్లెన్ని?"

"రాళ్లు కొసరు చిన్నమ్మా, పైసలు పప్పుకే."

"మీ నాయినకు చెప్త ఉండు."

"ఆయన కాణ్ణే నేర్చుకున్న."

మూడో ఎండాకాలానికి మా కానుగ మనిషెత్తు దాటింది. సాయంత్రానికి దాని నీడ రోడ్డు దాటి ఆమె మెట్టు ఎక్కింది. ఆమె చాప ముందుకు జరుపుకుని, అక్కడినుంచే కేకేసి, కాళ్లు చాపి చూపించింది: "చూడు, మోకాళ్ల దాక వచ్చింది!"

ఆ వైశాఖంలోనే కూతురి కాన్పుకు నెక్కొండ పోవలసి వచ్చింది. "నెల రోజులు చెట్టు నీకు అప్పజెప్పి పోతాన. జర పైలం," అంది.

"ఏం ఫికర్ చెయ్యకు చిన్నమ్మా," అన్నాను.

రోజూ రెండు చెట్లకు నీళ్లు మొయ్యడం నా బుద్ధికి నష్టంగా తోచింది. ఎండాకాలం మంచినీళ్ల కుండకు తడి గోనె చుడతాం కదా, అలాగే చెట్టు మొదట్లో గోనెలు పరిస్తే తడి నిలుస్తుంది, రెండు రోజులకొకసారి పోస్తే చాలు అనుకున్నాను. బియ్యం గోనెలు మళ్లీ అమ్ముడుపోతాయి. ఉప్పు బస్తాల గోనెలు ఎవరూ కొనరు, మూలన పడి చివుకుతాయి. ఆ మూలన పడ్డవన్నీ తెచ్చి చిన్నమ్మ అప్పజెప్పిన కానుగ చుట్టూ పరిచాను. ఆకుల అంచులు మాడడం మొదలుపెడితే నీళ్లు చాలడం లేదేమో అని ఇంకా రెండు బిందెలు పోశాను.

ఆమె రైలు దిగి వచ్చేసరికి చెట్టుకు ఆకు లేదు.

"ఈసారి ఎండలు చూసినవా చిన్నమ్మా..." అని మొదలుపెట్టాను.

ఆమె చెట్టు దగ్గర కూర్చుంది. గోనె అంచు నలిపి, వేలు నాలుక మీద పెట్టుకుంది. మా నాయన గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి చూశాడు.

"అమ్ముడుపోయే సంచైతె చెట్టుకు ఇస్తడా అక్కా, మావోడు?" అన్నాడు.

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే సగం భారం దిగేది. ఆమె కొంగుకు వేలు తుడుచుకుని, ఎండలో రోడ్డు దాటి, తన దుకాణంలో కూర్చుంది.

ఆ తరువాత కొన్నాళ్లు పొద్దున్నే ఆమె బిందె మా వైపు రాలేదు. పొయ్యడానికి చెట్టు లేదు కదా. ఉప్పెక్కిన మట్టినంతా తవ్వి పారబోశాను. ఎర్రమన్ను తెచ్చి నింపి, తొలకరికి మళ్లీ కానుగ నాటాను. "రెండిటికీ నేనే పోస్త చిన్నమ్మా," అని చెప్పి వచ్చాను. మర్నాడు పొద్దున చూస్తే ఆమే బిందెతో నిలబడి ఉంది.

"నీడ నాదైనప్పుడు నీళ్లు నావే. నీ బేరమే గద," అంది.

ఆ బిందె చప్పుడు విన్నప్పుడు నా ప్రాణం ఎంత కుదుటపడిందో ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

కానీ చెట్టు బేరాలకు లొంగదు. అడుగున ఇంకా ఉప్పు మిగిలిందేమో, రెండో ఏడు నడుమెత్తు, నాలుగో ఏడు నా భుజం ఎత్తు. ఆమె దుకాణానికి తడి పరదా కట్టుకుంది. పరదా కడితే లోపలి గాజులు దారినపోయే వాళ్లకు కనపడవు. గిరాకీ తగ్గుతూ వచ్చింది. మోకాళ్లు పట్టేసి నిండు బిందె సగం బిందె అయింది, తరువాత చెంబు అయింది. ఒక ఎండాకాలం అల్లుడు వచ్చి సామాను బండికెత్తించాడు. పోయే రోజు పొద్దున కూడా ఆమె చెంబు నీళ్లు తెచ్చి పోసింది. రాళ్ల సంగతి అడగలేదు.

తరువాత మిర్చి బేరానికి నెక్కొండ పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. మనుమణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. మంచినీళ్లయినా ఇవ్వకముందే అడిగింది.

"ఏడిదాక వచ్చింది?"

నిజానికి నీడ రోడ్డు నడిమి దాకే వచ్చింది. "నీ గడప ఎక్కింది చిన్నమ్మా," అన్నాను.

"ఎన్ని గంటలకు?"

"నాలుగు కాంగనే."

"నాలుగంటే మంచి గిరాకీ వేళ," అంది.

రెండేళ్ల తరువాత నీడ నిజంగానే ఆ గడప ఎక్కింది. నాలుగింటికి కాదు, ఐదింటికి. నేను చెప్పే ధరల్లాగే అదీ కొంచెం ఎక్కువ చెప్పానన్నమాట. అప్పటికి అక్కడ సైకిళ్లు బాగుచేసే అతను దిగాడు. మంచివాడే, నీడలో కూర్చుని పంక్చర్లు వేసుకునేవాడు. చెట్టుకు నీళ్లు నేనే పోసేవాణ్ణి. పొద్దున్నే, బోణీకి ముందు, తక్కెడ తుడుస్తూ రోడ్డు అవతలికి చూసేవాణ్ణి. ఇప్పటికీ చూస్తాను.