మూడో రకం రోడ్డు

తొంభైల్లో నేను కోనసీమలో రోడ్ల సెక్షన్ ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ వయసు. గ్యాంగు కూలీలకు హాజరు వేయడం, గుంతలు పూడ్పించడం, గట్టు జారిన చోట మట్టి పోయించడం నా పని. గ్యాంగులో పద్నాలుగు మంది ఉండేవారు. వాళ్ళలో ఒకామె గురించి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. నోటితో ఒక్కసారి చెప్పాను, అది చాలా పెద్ద తప్పయింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. మట్టి తట్ట నెత్తికెత్తుకోవడానికి ఇంకొకరి చెయ్యి అడిగేది కాదు. పదకొండేళ్ళుగా టెంపరరీ కూలీగానే ఉంది. కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు ఆమెది. మొగుడు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే పనివాడు. ఎంత ఎత్తు చెట్టయినా బీడీ ఆరిపోకుండా ఎక్కేస్తాడని ఆమె మురిసిపోతూ చెప్పేది.

ఒక ఏడు వరి ఈనే రోజుల్లో పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారి బయటికొచ్చి చూస్తే రోడ్డు అనేది ఎక్కడా లేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్య కరెంటు స్తంభాలు, తీగలు, పెంకులు, చచ్చిన గేదెలు. మా సెక్షను కింద తొంభై కిలోమీటర్ల రోడ్డుంటే, మా చేతిలో ఉన్నవి పన్నెండు గొడ్డళ్ళు, ఇద్దరు పట్టి లాగే రంపాలు రెండు, కలప డిపో నుంచి అడిగి తెచ్చిన మోటారు రంపం ఒకటి.

మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, మంచాయన. తన ఇంటి కప్పు ఎగిరిపోయినా చూసుకోవడానికి వెళ్ళకుండా ఆఫీసులో తడవని మూల కూర్చుని నా చేత పట్టీ రాయించారు. ఆసుపత్రికి, కరెంటు సబ్‌స్టేషనుకి, మంచినీళ్ళ చెరువుకి పోయే రోడ్లు ఒకటో రకం. బస్సులు తిరిగేవి రెండో రకం. మిగతావన్నీ మూడో రకం.

"ఒక్క మాట గుర్తుపెట్టుకోవయ్యా," అన్నారాయన. "ఏ రోడ్డు చివరైనా దెబ్బ తగిలిన మనిషి ఉన్నాడని తెలిస్తే, అది ఏ రకమైనా సరే, ఆ పూటకి ఒకటో రకమే. నన్ను అడక్కుండానే గ్యాంగుని పంపించెయ్యి."

ఆ మాట నేను నా చేత్తోనే పట్టీ కింద రాశాను.

రెండోరోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. చంకల దాకా బురద. గట్టు మీద దారి లేక చేలల్లో పడి నడిచొచ్చింది. గోడ కూలి మొగుడి మీద పడిందట. కుడి తొడ విరిగింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిందట.

"మోసుకొచ్చేద్దామంటే మనుషులున్నారండి, దారే లేదండి. చెట్లు నా మెడెత్తున పడున్నాయండి. మన గ్యాంగుని అటు పంపించండి, ఆయ్."

పంపించాను. అక్కడిదాకా నా తప్పేమీ లేదు. మూడోరోజు పొద్దున ఆరింటికల్లా మోటారు రంపంతో సహా అందరం కాలవ గట్టు మీద ఉన్నాం. మొగుడి దగ్గర అత్తగారిని ఉంచి ఆమె కూడా పనిలోకి వచ్చింది. ఇంటి దగ్గర ఉండకపోయావా అంటే, "నేను లేకపోతే నా రోడ్డు మీకెవరు గుర్తుచేస్తారండి" అంది. పదకొండు గంటలకు నాలుగు కిలోమీటర్లు దాటి తూము దగ్గరికి చేరాం. ఇంకా కిలోమీటరు లోపే ఉంది.

అప్పుడొచ్చింది జీపు. ఏఈ గారు దిగలేదు. ఎవరో పెద్దాయన మర్నాడు నష్టం చూడ్డానికి వస్తున్నారని, పైనుంచి నాలుగుసార్లు వైర్లెస్ వచ్చిందని, ఆయన కార్లు వచ్చే రోడ్డు సాయంత్రానికల్లా తయారుగా ఉండాలని చెప్పారు. అది అప్పటికే బస్సు పట్టేంత వెడల్పున తెరిచిన రోడ్డే. ఇప్పుడు రెండు వైపులా అంచుదాకా తెరవాలి, బురద మీద కార్లు జారకుండా ఇసక చల్లాలి, అంచులకు సున్నం గీతలు వేయాలి.

"నువ్వు చెప్పిన పేషెంటు మాటేంటి?" అనడిగారు.

గంట క్రితం తూము అవతలి నుంచి ఒకతను చెట్ల మీదుగా పాక్కుంటూ వచ్చి, నలుగురు మంచం ఎత్తుకుని బయల్దేరారని చెప్పిపోయాడు. నేనది పట్టుకున్నాను.

"మోసుకొచ్చేస్తున్నారండి," అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయమేనండి."

ఎందుకన్నానో ఇన్నేళ్ళుగా రకరకాలుగా చెప్పుకున్నాను. ఆయన తిడతారని భయమేమీ లేదు. పేషెంటు ఇంకా లోపలే ఉన్నాడంటే ఆయన సగం గ్యాంగుని అక్కడే వదిలేసేవారు. అప్పుడు ఆ పెద్ద రోడ్డు పని సగం మనుషులతో నా నెత్తిన పడేది. మర్నాడు కార్లలోంచి దిగే ఆఫీసర్ల ముందు నా సెక్షను మెరవాలని ఉంది నాకు. అంతకన్నా గొప్ప కారణమేదీ లేదు.

గొడ్డళ్ళు జీపు ట్రాలీలో వేస్తుంటే ఆమె పరిగెత్తుకొచ్చింది. "ఇదేంటండీ, తూము దాకా వచ్చాం కదండీ!" అంది. నేను మంచం సంగతి చెప్పాను. ఆమె నమ్మింది. నమ్మి మాతోపాటు ట్రాలీ ఎక్కింది, పెద్ద రోడ్డు మీదికే కదా మంచం వస్తుంది, అక్కడే ఎదురెళ్ళవచ్చని.

మంచం రాలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఊరి కుర్రాడొకడు నాకు కబురు తెచ్చాడు. పడిపోయిన మొద్దుల మీదుగా మంచం దాటిస్తుంటే ముందున్నవాడి కాలు జారింది. మంచం తిరగబడి మనిషి కింద పడ్డాడు, విరిగిన కాలు మీదే. అరుపు కాలవ అవతలి ఊళ్ళోకి వినిపించిందట. దారి పడేదాకా నన్ను కదపొద్దని వాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నాడట. వెనక్కి తీసుకుపోయారు.

ఏఈ గారు అప్పుడు నాకు ఫర్లాంగు దూరంలో ఉన్నారు. వెళ్ళి చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. వెళ్ళలేదు. ఇందాకే ఖాయమన్నాను కదా.

ఆమెకు మాత్రం చెప్పక తప్పలేదు. సున్నం తట్ట చంకన పెట్టుకుని రోడ్డంచున వంగి పిడికిలితో గీత పోస్తోంది. చెప్పాను. తట్ట దించలేదు. అలాగే నిలబడిపోయి, "నలుగుర్నివ్వండి బాబూ. ఆ మిషను వద్దులెండి. నలుగురు, నాలుగు గొడ్డళ్ళు. నేను అయిదోదాన్ని," అంది.

"రేపు పొద్దున్నే మొదలెడదాం. ఈ పూట ఊరుకో," అన్నాను.

"రేపటికి ఆయన ఉంటాడా అండీ?"

ఆమె మళ్ళీ వంగింది. ముక్కు చీదుకుంటూ, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ సున్నం పోస్తుంటే మా మేస్త్రి గట్టిగా అన్నాడు: "ఏడుస్తా జల్లితే గీత వంకరపోద్దే! ఏడుపైనా మానెయ్, పనైనా మానెయ్. నీ చోటుకి పదిమందున్నారు."

నలుగురైదుగురు నవ్వారు. నవ్విన వాళ్ళలో నేనొకణ్ణి.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికి వస్తారన్న పెద్దాయన మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. రోడ్డు మీద కొమ్మ కనపడకూడదని అప్పటిదాకా ఒక్క కూలీని కూడా కదలనివ్వలేదు. అందరం చెట్టు నీడన్నా లేని చోట ఎండలో నిలబడ్డాం. ఆమె ఇంక నన్నేమీ అడగలేదు. పద్నాలుగు కార్లు వచ్చాయి. ఆయన ఒక తోట దగ్గర దిగి, విరిగిన చెట్ల వైపు చూసి, ఎవరో ఇచ్చిన కొబ్బరి బొండం చేత్తో పట్టుకుని ఫొటో తీయించుకుని, ఎక్కేశారు. కార్లు అక్కడి నుంచే అడ్డరోడ్డున మళ్ళిపోయాయి. మేము సున్నం పోసిన చివరి రెండు కిలోమీటర్ల మీద ఒక్క చక్రం కూడా తిరగలేదు. సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో పెద్దాఫీసరు నా భుజం తట్టారు. వేడి ఉప్మా పెట్టారు. రెండుసార్లు పెట్టించుకున్నాను.

అయిదోరోజు తూము దగ్గరికి తిరిగి వెళ్ళాం. మధ్యాహ్నం పన్నెండుకల్లా దారి పడిపోయింది. మిగిలిన పని పూటన్నర కూడా కాదు, ఒక్క పూట. ఆఖరి మొద్దు ఆమే నరికింది. మేస్త్రి గొడ్డలి అందుకోబోతే ఇవ్వలేదు.

ఇంట్లోకి అడుగుపెట్టకముందే వాసన వచ్చింది. కాలు మోకాలి కింద నల్లబడి నిగనిగలాడుతోంది. మా జీపులోనే ఎక్కించాం. మా ఆఫీసున్న ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరు గుడ్డ విప్పి చూసి మళ్ళీ కప్పేసి కాకినాడ తీసుకెళ్ళమన్నాడు. "రెండ్రోజుల ముందు తెస్తే కాలుండేది. ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా?" అని ఆమెనే అడిగాడు. ఆమె నా వైపు చూడలేదు. కాకినాడలో తొడ దాకా తీసేశారు.

రెండు నెలలు పోయాక బత్తాయిలు, రొట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అతను అరుగు మీద గోడకానుకుని కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవలేనని గుర్తొచ్చి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"మీరు జీపివ్వబట్టి పేణంతో ఉన్నానండి. ఇది చెప్పింది. రోడ్లన్నీ మూసుకుపోయి మీరెవరూ ఆఫీసులోంచి బయటికే రాలేకపోయారంట కదండీ! గొడ్డళ్ళు కూడా అయిదోనాటికిగానీ రాలేదంట కదండీ!"

నేను ఆమె వైపు చూశాను. టీ గ్లాసు నా చేతికిస్తోంది. మొహంలో ఏమీ లేదు.

"అవునండి," అన్నాను. టీ తాగాను. అతని దణ్ణం కూడా తీసుకున్నాను.

నేను సైకిలు తీస్తుంటే గట్టు దాకా వెనకాల వచ్చింది. "నిజం తెలియనివ్వకండి బాబూ. మీ దగ్గరికొచ్చిన ఆ ఇద్దర్నీ చెప్పొద్దని బతిమాలుకున్నాను, ఆ రెండ్రోజులూ సాయం కోసం తిరిగాననే ఆయనకి చెప్పాను. ఆయనక్కడ అరుస్తుంటే నేను రోడ్డుకి సున్నం పోస్తన్నానని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నేనూ బతకలేను," అంది. నేను సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

ఏడాదిన్నర ఆ ఒట్టు నిలబెట్టాను. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర నలుగురం కూర్చున్నప్పుడు చెప్పేశాను. తాగి ఉన్నానని చెప్పుకోవడానికి కూడా లేదు, తాగింది టీయే. కడుపులో ఉంచుకోలేకపోయాను. నేను అన్న అబద్ధం, ఆమె పోసిన సున్నం, మేస్త్రి మాట, అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అని వాళ్ళు నా వీపు నిమిరారు. ఆ రాత్రి చాలాకాలానికి బాగా నిద్రపట్టింది.

కథలో నా అబద్ధం వాళ్ళకు అంత రుచించలేదనుకుంటాను. సున్నం ముక్కే నలుగురి నోళ్ళలో పడి వారం తిరక్కుండా కాలవ గట్టెక్కింది. మొగుడు చావుబతుకుల్లో ఉంటే అది మంత్రులకు ముగ్గులేసిందట అని ఊళ్ళో చెప్పుకున్నారు.

ఒకరోజు కల్వర్టు పని దగ్గర మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె ఒక్కతే దూరంగా కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక, "ఆయనెలా ఉన్నారు?" అన్నాను.

"నాతో మాట్లాడ్డం మానేశాడండి. కంచంలో పెడితే తింటాడు. నా చెయ్యి తగిలితే మటుకు ఆ కంచం తోసేస్తాడు." డబ్బా మూత పెట్టింది. "మీకు బరువు దిగిందాండి?"

వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. అన్నాల వేళ అయిపోయిందని మేస్త్రి కేకేశాడు. ఆమె లేచి వెళ్ళింది.

ఆ ఎండాకాలం నేను బదిలీ పెట్టుకుని గోదావరి అవతలికి వెళ్ళిపోయాను. అతను మరో ఆరేళ్ళు బతికాడని, ఆఖరిదాకా ఆమెతో మాట్లాడలేదని, పోయినప్పుడు కొరివి పెట్టడానికి వచ్చిన అతని అన్నదమ్ములు ఆమెను దగ్గరికి రానివ్వలేదని పాత గ్యాంగువాళ్ళే ఎవరో చెప్పారు. ఆమె మాత్రం గ్యాంగులోనే ఉందట, టెంపరరీగానే.