జలగ అలిగిన బొటనవేలు

మా పిన్ని లేడీస్ టైలర్. కొలతలు తీసుకుంటూనే ఎవరు ఎంత లావయ్యారో మొహం మీదే చెప్పేస్తుంది. అయినా ఆ కుట్టు నచ్చి అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. బాబాయి కాజాలు, గుండీలు చూసుకుంటాడు. తలనొప్పికైనా, మోకాలి నొప్పికైనా ఆయన దగ్గర ఉన్నది ఒకటే మందు, జేబులోని ఘాటు బామ్.

ఒకరోజు గుడ్డలు కత్తిరించే మిషన్ పిన్ని కుడి బొటనవేలిని కూడా కత్తిరించింది. డాక్టరమ్మ దాన్ని తిరిగి అతికించింది గానీ, మర్నాటికి వేలు నల్లగా కమిలి ఉబ్బిపోయింది. నెత్తురు లోపలికి వస్తోంది, తిరిగి వెళ్ళే దారే లేదట. ఆ దారి ఏర్పడేదాకా జలగలు పట్టించాలట. నెత్తురు ఎక్కువ పోవచ్చని, గాయం చీము పట్టొచ్చని, అందుకు ముందుగానే మందులు వేస్తామని దాచకుండా చెప్పింది. ఇన్నేళ్ళుగా మీ బాబాయి తాగిన నా నెత్తురు ముందు జలగలు ఏపాటి అంది పిన్ని.

తీరా చూస్తే జలగ వేలి దాకా వచ్చి మొహం తిప్పేసుకుంది. రెండోదీ అంతే. మూడోది ఏకంగా నర్సు గ్లవ్ ఎక్కింది. మేం నవ్వాం. డాక్టరమ్మ నవ్వలేదు. జలగ కరవడం లేదంటే వేలికి నెత్తురే అందడం లేదేమో, అదే నిజమైతే తీసెయ్యక తప్పదంది. పిన్ని తన వేలి వంకే చూసుకుంది. బొటనవేలు లేకుండా కత్తెర పట్టేదెలా?

బాబాయి జేబు తడుముకున్నాడు. చెబితే పిన్ని బతకనివ్వదు, చెప్పకపోతే వేలు దక్కదు.

"నిద్రలో మూలుగుతుంటే చూడలేక వేలికి కాస్త బామ్ రాశానండీ. ఆ ఘాటు జలగకి పడలేదేమో," అన్నాడు, పిన్ని వైపు చూడకుండా.

ఆయన ఎక్కడుంటే అక్కడ ఆ వాసనే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నర్సు వేలిని శుభ్రంగా కడిగింది. ఈసారి జలగ ఇట్టే పట్టేసింది. అది తాగి ఊడిపోయాక కూడా నెత్తురు కారుతూనే ఉంది, పిన్నికి వేరే నెత్తురు ఎక్కించాల్సి వచ్చింది. వేలు మాత్రం మెల్లగా ఎర్రబడింది.

అన్నాళ్ళూ పిన్ని ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. బాబాయికి అదే పెద్ద భయం. డాక్టరమ్మ కట్టు విప్పి, వేళ్ళు కదిలించడం నేర్పాక పిన్ని ఆయన్ని దగ్గరికి రమ్మని, చేతి మీద ఆ బొటనవేలితోనే చురుక్కుమనేలా గిల్లింది.

బాబాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి గిల్లవే," అన్నాడు.