పాయింటు పెట్టనన్న ముత్యాలప్ప

ముత్యాలప్ప అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడిస్తే, కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడేది. ఇది నేను కళ్లారా చూశాను. చూడనివి కూడా కొన్ని చెబుతాను, ఎందుకంటే విడపనకల్లు మండలంలో వాటిని నమ్మని ఇల్లు లేదు. రాయదుర్గంలో ఒక పెళ్లికి వెళితే తాంబూలంలో ఇచ్చిన టెంకాయ అతని చేతిలో లేచి నిలబడిందట. మగపెళ్లివారు భోజనాలు కూడా ముగించకుండా కల్యాణమండపం పెరట్లో బోరు వేయించారట. ఇంకోసారి బస్సు పెన్న మీది వంతెన దాటుతుంటే ఒళ్లో ఉన్న టెంకాయ ఎగిరి కండక్టరు గడ్డానికి తగిలిందట. ఈ రెండోది నేను కల్పించిందే. అయినా ఇప్పుడు ఊళ్లో వాళ్లు నాకే తిరిగి చెబుతున్నారు, బస్సు నంబరుతో సహా.

నన్ను చిన్నప్పుడు గుంతకల్లు కాన్వెంటులో వేశారు. ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని అక్కడి సిస్టర్లు చెప్పారు. పరీక్షిద్దామని ఒకసారి ఆ టెంకాయను నా చేతిలో పెట్టించుకుని నడిచాను. లేవలేదు, నా కాలి మీద పడింది. సిస్టర్లదే నిజమనుకుంటూ కుంటుకుంటూ ఇంటికి వచ్చాను. ముత్యాలప్ప చేతిలో మాత్రం అది లేస్తూనే ఉంది.

ఇరవై ఏళ్లపాటు అతను బోరు ఎక్కడ వేయాలో చూపిస్తూ పాయింట్లు పెట్టాడు. మొదట్లో రెండు వందల అడుగులకు నీళ్లు పడేవి. తర్వాత నాలుగు వందలు, ఆ తర్వాత ఆరు వందలు. ఒక శ్రావణ మాసంలో నరసింహప్ప చేలో పాయింటు పెట్టాడు. బోరు బండి ఆరు వందల ఇరవై అడుగులు దిగాక మూడంగుళాల నీళ్లు పైకి చిమ్మాయి. నరసింహప్ప ఒళ్లంతా బురదతో ముత్యాలప్పను భుజాల మీద ఎత్తుకుని చేనంతా తిరిగాడు.

మూడో రోజు పొద్దున, గట్టు అవతల చేలో లక్ష్మక్క మోటారు వేస్తే బుస్సుమని గాలి వచ్చింది. ఆ బోరుకు నాలుగేళ్ల ముందు పాయింటు పెట్టింది కూడా ముత్యాలప్పే. లక్ష్మక్క భర్త అప్పటికే లేడు. ఉన్న మూడెకరాలూ ఆ బోరు మీదే. ఆమె కబురంపితే ముత్యాలప్ప వెళ్లాడు, నేనూ వెంట ఉన్నాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"నా నీళ్లు యాడికి పోయినాయన్నా?" అని మాత్రం అడిగింది.

ముత్యాలప్ప గట్టు మీదుగా చూశాడు. నరసింహప్ప వేరుశనగ చేలో కాలువ నిండుగా పారుతోంది. అతను లక్ష్మక్క బోరు పైపుకు చెవి ఆనించి, నీడ మారేదాకా అక్కడే కూర్చున్నాడు. ఇంటికి వస్తూ దారిలో చేతిలోని టెంకాయను పగలగొట్టి గొర్రెలకు వేశాడు. ఇక ఎవరికీ పాయింటు పెట్టనన్నాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే సుఖంగా బతికేవాడు. ఊరుకోలేదు. ఒక పొడవైన తాడుకు ఇనుప నట్టు కట్టాడు. ప్రతి అమావాస్యకూ ఎండిన బోర్లలోకి తాడు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, బడి గోడ మీద బొగ్గుతో రాసేవాడు. సోమవారం వస్తే అనంతపురం బస్సెక్కి, కలెక్టరాఫీసులో అర్జీల వరుసలో నిలబడేవాడు. అర్జీలో ఉండేది ఒకే మాట. కొత్త బోర్లు వద్దు, ఉన్న బోర్ల నీళ్లు పైపులు వేసి పక్కవాళ్లతో పంచుకోవాలి. రెండు వందల బోర్లు వేయించినవాడు బోర్లు వద్దంటున్నాడని ఊరు నవ్వింది. గుమాస్తాలు "మళ్లా వస్తివా ముత్యాలప్పా" అని కుర్చీ వేసేవాళ్లు. అర్జీ మాత్రం కట్టలో పెట్టేసేవాళ్లు.

అప్పుడే అనంతపురంలో పచ్చనేల పార్టీ అని ఒకటుందని తెలిసింది. సైకిల్ షాపు మీద మేడగది వాళ్ల ఆఫీసు. ఐదు కుర్చీలుండేవి. ఆరోవాడు వస్తే అధ్యక్షుడు లేచి నిలబడేవాడు. ఎంపీటీసీ టికెట్టు అడిగినవాడు ముత్యాలప్ప ఒక్కడే కాబట్టి అతనికే ఇచ్చారు. గుర్తుగా గొడుగు వచ్చింది. ఏడాదికి నాలుగు వానలు కూడా పడని చోట మేము గొడుగులు విప్పుకుని ఓట్లు అడగడానికి బయలుదేరాం.

"వానొస్తాదా అన్నా?" అని ఆడవాళ్లు అడిగేవాళ్లు.

"ఓటేస్తే వస్తాది," అనేవాణ్ని నేను.

"వాడు చెప్పేది నమ్మొద్దండి," అనేవాడు ముత్యాలప్ప. అభ్యర్థి ఇలాంటివాడైతే ఏజెంటు ఏం చేయగలడు? ఒక పెద్ద పార్టీ ఇంటికో బోరు వేయిస్తామంది. ఇంకో పెద్ద పార్టీ మోటారు కూడా ఇస్తామంది. మావాడు ఒక్కటీ వేయించనన్నాడు. మొదటిసారి పంతొమ్మిది ఓట్లు వచ్చాయి. దగ్గరి బంధువులే ముప్పైమంది. రెండోసారి అరవై నాలుగు.

మూడో ఎన్నిక నాటికి లక్ష్మక్క చేలో చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. మధ్యలో రెండేళ్లు మంచి వానలు పడి పాత బోరులో కాస్త నీరు ఊరింది. ఆ ధైర్యంతో నూటఇరవై మొక్కలు నాటింది. ఐదేళ్లు బిందెలతో, పైపులతో, ఎట్లాగో సాకింది. తొలి పూత వచ్చిన ఎండాకాలమే బోరు మళ్లీ ఎండిపోయింది. పోలింగు పది రోజులుందనగా మేము వాళ్ల గుడిసెల పేటకు, ఆ కొట్టాలకు వెళ్లాం. ఆమె మాకు ఎదురొచ్చింది.

"అన్నా, ఒక్క పాయింటు పెట్టు."

"ఇడిసిపెట్టినా కదమ్మా."

"నర్సింహప్పకు పెట్టినంక ఇడిసిపెడితివి. ఆ ఒక్కటికి ముందే ఇడిసిపెట్టింటే నేను ఇప్పుడు నిన్ను అడిగే పనే ల్యాకుండె."

ముత్యాలప్ప గొడుగు మూసేశాడు. లక్ష్మక్క మరిది కుళ్లాయప్ప ఆ కొట్టాల పెద్ద. అతను ముందుకు వచ్చాడు.

"మా కొట్టాల్లో ఎనభై ఆరు ఓట్లుండాయి. మా వదినకు నీళ్లు చూపిస్తివా, ఎనభై ఆరూ గొడుక్కే. ల్యాకుంటే మడిసి సంకలో పెట్టుకోని పో."

నేను ముత్యాలప్పను పక్కకు లాగాను. "ఒక్కటే కదప్పా. పార్టీవాళ్లకు నేను చెప్పనులే," అన్నాను.

"పార్టీకి చెప్పకుంటివి సరే. కింద బండకు తెల్దా?" అన్నాడు.

అతను తోటలోకి నడిచాడు. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. పూత రాలి నేల మీద తెల్లగా పరుచుకుంది. ఒక కొమ్మను పట్టుకుని, "ఇంకెన్ని దినాలు ఓర్చుకుంటాయి?" అని అడిగాడు.

"ఇరవై," అంది లక్ష్మక్క.

"రేపు పొద్దున ఒక టెంకాయ తెచ్చిపెట్టు," అన్నాడు. నా మనసులో ఎనభై ఆరు ఓట్లు గంతులు వేశాయి. ఆ మాట దాచను. కానీ అతని మొహం చూస్తే పదిహేనేళ్ల పని చేతులారా పారేసుకుంటున్నవాడిలా ఉన్నాడు.

మరునాడు కొట్టాల జనమంతా ఆ చేలోనే ఉన్నారు. గట్టు అవతల నరసింహప్ప తన చేలో నిలబడి చూస్తున్నాడు. ముత్యాలప్ప చెప్పులు విడిచి, టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి నడిచాడు. చేనంతా తిరిగినా అది కదల్లేదు. చివరికి గట్టు దగ్గర, నరసింహప్ప బోరుకు పన్నెండు అడుగుల దూరంలో, నిద్ర లేచినట్టు నెమ్మదిగా నిలబడింది. కుళ్లాయప్ప పరుగెత్తుకొచ్చి అక్కడ రాయి పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"నీళ్లుండాయి. అబద్ధం చెప్పను," అన్నాడు ముత్యాలప్ప. "కానీ ఇవి నర్సింహప్ప నీళ్లు. రెండు చేన్ల కిందా ఒకటే పాయ. ఈడ ఏడునూర్ల అడుగులు తవ్వితే నాలుగు దినాల్లో ఆయప్ప బోరు గాలి తోలుతాది. అప్పుడు ఆయప్ప ఎనిమిది నూర్లకు పోతాడు. మళ్లా నీది ఎండుతాది. నేను ఇరవై ఏండ్లు చేసిన పని ఇదే. ఒకరి చేన్లో నీళ్లు ఎత్తి ఇంగొకరి చేన్లో పోసినా."

"అంటే ఆ పొద్దు నాకు పడినవి..." అన్నాడు నరసింహప్ప.

"ఈమె నీళ్లే."

నరసింహప్పకు ఈ సంగతి తెలియదని కాదు. పదిహేనేళ్లుగా ఎవరూ మొహం మీద అనలేదు, అంతే. "అప్పుడే ఎందుకు చెప్పకపోతివి?" అన్నాడు మెల్లగా.

"నువ్వు నన్ను భుజాల మీద ఎత్తుకుంటివి. ఎట్ల చెప్పేదప్పా?"

కుళ్లాయప్పకు ఓపిక అయిపోయింది. "ఇంతకీ తవ్వమంటావా, వద్దంటావా?"

"నీళ్లు చూపిచ్చినా, ఏమైతాదో చెప్పినా. తవ్వేది తవ్వనిది లక్ష్మక్క ఇష్టం. బోరు బండొస్తే నేను అడ్డం పండుకోను."

అందరూ ఆమె వైపు తిరిగారు. లక్ష్మక్క ఆ రాయిని చూసింది, తర్వాత తన చెట్లను చూసింది.

"నాకు కావాల్సింది నీళ్లు, నర్సింహప్ప ఏడుపు కాదు," అంది చివరికి. "ఆయప్ప ఏడిస్తే మా ఇంటి దాకా ఇనపడతాది."

నవ్వు మొదలైంది. నరసింహప్ప కూడా నవ్వాడు, ఇష్టం లేకుండానే. తర్వాత గట్టు దిగి, ఆ రాయిని కాలితో పక్కకు నెట్టాడు.

"దినం మార్చి దినం రెండు గంటలు. అంతకు మించి అడగొద్దు. కరెంటు తెల్లారుజామున నాలుక్కిస్తే లేచేది నువ్వే. నా బోరు ఎండితే నన్ను అనొద్దు."

"ఎండితే ఇద్దరమూ ఎండుదాం," అంది ఆమె.

ఆ సాయంత్రమే నరసింహప్ప బోరు నుంచి ఆమె తోటకు పైపులు వేశారు. ఎన్నికలో ముత్యాలప్ప ఓడిపోయాడు. వచ్చినవి నూటఏడు ఓట్లు. కుళ్లాయప్పను నిలదీశాను. "నీళ్లు చూపిచ్చినాడు, కాదనను. బోరు పడలేదు గదా. అందుకే సగం వేయించినా," అన్నాడు. అరవై నాలుగుకు నలభై మూడు కలిపి చూస్తే లెక్క తప్పలేదు.

ఓట్ల లెక్కింపు అయ్యాక నేను ఇంటికి వెళదామంటే ముత్యాలప్ప చీనీ తోట వైపు నడిచాడు. ఆ రోజు లక్ష్మక్క వంతు. చెట్లకు ఉలవ గింజంత చిగుళ్లు వచ్చాయి. ఆమె చీర చెంగు నడుముకు దోపుకుని పైపు లాగుతోంది.

"గెలిచినావా అన్నా?"

"ల్యాదమ్మా."

"అయితే ఖాళీనే కదా. ఆ కడ సాలులో పాదులు తెగినాయి, సరి చెయ్యి."

అతను పార తీసుకుని వంగాడు. గట్టు అవతలి నుంచి నరసింహప్ప కేక వేశాడు, రెండు గంటలు ఎప్పుడో అయిపోయాయని. లక్ష్మక్క వింటున్నట్టు తల ఊపి పైపును తర్వాతి పాదులోకి జరిపింది. కాసేపటికి అతను మళ్లీ కేక వేశాడు. ఆ తర్వాత ఇంకోసారి వేశాడు. మోటారు మాత్రం చివరి చెట్టు తడిసేదాకా ఆడుతూనే ఉంది.